సత్తయ్య గారి మైకు, మా నాన్న ప్రార్థన

మొన్న మా పాపకు జలుబు చేసింది. బడి మాన్పించి, ఛాతీ మీద కాస్త రాద్దామని నీలగిరి తైలం సీసా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగిలిందో లేదో నా అరచేతుల్లో చెమట పట్టేసింది. ఇంకో నిమిషంలో ఎవరో నా పేరు పిలుస్తారనీ, నేను లేచి అందరి ముందుకూ వెళ్లాలనీ, చెప్పాల్సినవన్నీ మరిచిపోయాననీ అనిపించింది. పాప నా మొహం చూసి, "జలుబు నాకు కదా మమ్మీ, నువ్వెందుకు భయపడుతున్నావ్?" అంది. చెబితే పెద్ద కథ. అందుకే రాస్తున్నాను.

అందరికీ ఆ వాసన జలుబుది. నాకు మాత్రం మైకుది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సత్తయ్య గారిది. కాప్రాలో ఆయనకో చిన్న మైకు సెట్టు దుకాణం ఉండేది. పెళ్లిళ్లకీ, సభలకీ, బడుల వార్షికోత్సవాలకీ మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చేవారు. ఒకరు మాట్లాడి దిగాక, ఇంకొకరు ఎక్కేలోపల, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, దాని మీద రెండు చుక్కల నీలగిరి తైలం వేసి, మైకు తల మీది జాలీని శ్రద్ధగా తుడిచేవారు. "పది మంది తుంపర్లు పడ్తయి బిడ్డా దీని మీద. ఒకని జలుబు ఇంకొకనికెందుకు?" అనేవారు. ఆ మైకు ముందు నిలబడి నోరు తెరవగానే నేను మొదట పీల్చేది ఆ ఘాటునే. అలా ఆ వాసనా నా భయమూ ఒకటైపోయాయి.

ఉమ్మడి రాష్ట్రం చివరి రోజులవి. రేపు బస్సులు తిరుగుతాయో, బంద్ అంటారో ముందు రోజు దాకా తెలిసేది కాదు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక బేకరీ మేడ మీద చిన్న హాలు ఉండేది. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ 'ఓపెన్ మైక్' పెట్టేవారు. అంటే మరేం లేదు, తలుపు దగ్గరి కాగితం మీద పేరు రాసిన వాళ్లెవరికైనా ఐదు నిమిషాలు మైకు ఇస్తారు. నిలబడి, మాటలతోనే నవ్వించాలి. పాట లేదు, వేషం లేదు, ఆదుకోవడానికి పక్కన ఇంకో మనిషి లేడు. నచ్చితే నవ్వుతారు, లేకపోతే టీ కప్పుల్లో చెంచాలు తిప్పుకుంటూ కూర్చుంటారు. మైకు సెట్టు సత్తయ్య గారిది. ఆయన హాలు చివర ఆంప్లిఫయర్ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఒక ప్రైవేటు ఆఫీసులో డేటా ఎంట్రీ ఉద్యోగం. మా ఇల్లు పద్మారావు నగర్‌లో. నాన్న ఎయిడెడ్ స్కూల్లో తెలుగు మాస్టారు, పైగా మా చర్చికి సెక్రటరీ. ఆయన గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు. చర్చిలో నాకు ఎస్తేరు అనే పేరున్నట్టు చాలామందికి తెలియదు. 'మాస్టారి అమ్మాయి' అంటే చాలు. మాస్టారి అమ్మాయి గట్టిగా నవ్వదు, ఎదురు మాట్లాడదు, అడిగినప్పుడు కీర్తన పాడుతుంది. ఆఫీసులో భోజనాల దగ్గర మాత్రం నేను వేరే మనిషిని. నా మాటలకు పక్క టేబుళ్ల వాళ్లు కూడా అన్నం ఆపి నవ్వేవారు. ఆ వేరే మనిషిని ఒక్కసారైనా వెలుతురులో నిలబెట్టి చూడాలనిపించింది. ఇంట్లో కంప్యూటర్ క్లాసు అని అబద్ధం చెప్పి బస్సెక్కాను. చర్చిలో తెలిస్తే నాన్న తల ఎత్తుకోలేరన్న సంగతి నాకు తెలుసు. బస్సు కదిలినప్పటి నుంచి దిగేదాకా దిగిపోదామా, దిగిపోదామా అనుకుంటూనే ఉన్నాను.

మొదటి రోజు ఇంగ్లీషులో జోకులు రాసుకుని వెళ్లాను. పేరు పిలిచారు. మైకు ముందుకు వెళ్లాను. నీలగిరి తైలం ఘాటు, ఎదురుగా ముప్ఫై మొహాలు. ఒక్క ముక్క గుర్తు రాలేదు. బుర్ర ఖాళీ అయిపోతే నోరు తనకు తెలిసిన పని తాను చేసుకుపోతుంది కాబోలు. చిన్నప్పటి నుంచీ నేను మైకు ముందు నిలబడ్డది చర్చిలో దేవుడి మేళ్లకు సాక్ష్యం చెప్పడానికే. ఆ అలవాటు కొద్దీ తల వంచి, చేతులు జోడించి, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు!" అనేశాను.

హాలంతా నిశ్శబ్దం. భూమి చీలితే బాగుండనుకున్నాను. అప్పుడు వెనకనుంచి, ఆంప్లిఫయర్ పక్కనుంచి, చాలా మర్యాదగా ఒక గొంతు "వందనాలు" అని బదులిచ్చింది. అంతే, హాలు పగలబడి నవ్వింది. నా జన్మలో మైకు ముందు వచ్చిన మొదటి నవ్వు అది. ఆ తర్వాత ఇంగ్లీషు జోకులు గుర్తొచ్చాయి, అన్నీ చెప్పాను, ఒక్కరూ నవ్వలేదు. దిగి వచ్చాను. సత్తయ్య గారు వైరు చుట్టుకుంటూ నా వైపు చూశారు.

"మొదటి ముక్క మంచిగుండె. తర్వాత ఏందది? మీ ఇంట్ల ఇంగ్లీషుల తిడ్తరా?"

"లేదండీ, తెలుగులోనే."

"మరి నవ్వుడు సుత గాడ్నే ఉంటది గద బిడ్డా."

పైవారం తెలివిగా తెలుగులో రాసుకుని, మొదట్లోనే చేతులు జోడించి మళ్లీ "అందరికీ వందనాలు" అన్నాను. ఒక్క కుర్చీ కూడా కదల్లేదు. వెనకనుంచి బదులూ రాలేదు. ఏడుపు మొహంతో వెళ్లి, "మీరెందుకు పలకలేదు అంకుల్?" అని అడిగాను. "పోయినసారి నువ్వు నిజంగ పరేషానైనవ్. నన్ను పిలిచినట్టనిపిచ్చింది, పలికిన. ఇయ్యాల పరేషానైనట్టు యాక్టింగ్ చేసినవ్. గదానికి ఎవడు పలుకుతడు?" అన్నారు. ఒళ్లు మండింది. కానీ నిజమే కదా.

ఆయన పాఠాలన్నీ అలాంటివే. ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. ఆయన దగ్గర ఒక పాత టేప్ రికార్డరు ఉండేది. దాన్ని స్టేజీ వైపు కాకుండా జనం వైపు తిప్పి పెట్టేవారు. నాలుగో వారం ఒక కేసెట్ నా చేతిలో పెట్టి, "ఇంటికి పోయి విను" అన్నారు. విన్నాను. అందులో నా గొంతు ఎక్కడో దూరంగా, నూతిలోంచి వచ్చినట్టుంది. దగ్గరగా వినిపించేవన్నీ జనం చప్పుళ్లే. "నా మాటలు వినబడటం లేదంకుల్" అన్నాను. "నీ మాటలు నీకెర్కనే గద. ఆళ్ల సప్పుడు విను. కుర్చీలు కిర్రుమంటున్నయంటే ఆళ్లకు బస్సు యాదికొచ్చింది. చెంచాల సప్పుడు ఆగిందంటే ఆళ్లు నీ దిక్కు తిరిగిండ్రు. నవ్వేటోళ్లను అందరు చూస్తరు, చెంచా ఆపినోన్ని చూసుకోవాలె." అలా ప్రతి వారం ఒక కేసెట్ ఇచ్చేవారు. వాక్‌మన్‌లో వేసి, చెవుల్లో పెట్టుకుని వింటుంటే అమ్మ క్రైస్తవ గీతాలనుకుని మురిసిపోయేది.

రికార్డరు నడుస్తున్నంతసేపూ ఆయన కిక్కురుమనేవారు కాదు. దగ్గు వస్తే గుమ్మం బయటికి వెళ్లి దగ్గేవారు. "రికార్డు చేసేటోని సప్పుడు దాంట్ల ఉండొద్దు" అని ఆయన నియమం. ఆ నియమం వల్లనో, ఆయన స్వభావమో, ఎవరి జోకుకీ ఆయన నవ్వగా నేను చూడలేదు. హాలంతా నవ్వినా నా కళ్లు ఆయన మీదే ఉండేవి. ఆయన డయల్ తిప్పుకుంటూ ఉండేవారు. ఆయన్ని ఒక్కసారి నవ్వించాలని నాకొక పిచ్చి పట్టుకుంది.

చివరికి నాకో మంచి జోకు దొరికింది. అది మా నాన్న. భోజనానికి ముందు నాన్న చేసే ప్రార్థన చాలా పెద్దది. అన్నం మీద పొగ తగ్గిపోతుంది, కోడికూర చల్లారి నూనె పైకి తేలుతుంది, మా పిల్లి విసుగెత్తి వెళ్లిపోతుంది, నాన్న ఇంకా ముఖ్యమంత్రి గారి క్షేమం కోరే దగ్గరే ఉంటారు. ఆ గొంతు, ఆ సాగదీత, మధ్యలో ఒక కన్ను తెరిచి నేను కూర వైపు చూడటం, అన్నీ చేసి చూపించాను. హాలు ఊగిపోయింది. "కూర జోకు చెప్పండి" అని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. నవ్వు పెరిగిన కొద్దీ నాకు భయమూ పెరిగింది. మా చర్చి స్త్రీల సమాజంలోని ఒక ఆంటీ ఇల్లు ఆ చుట్టుపక్కలే. ఆవిడ కేకు కొనడానికి కింది బేకరీకి వస్తుందని తెలిసిన దగ్గరి నుంచి, మెట్ల మీద ఏ అడుగు చప్పుడైనా నా గుండె ఆగేది. జోకు చెబుతూనే ఒక కన్ను గుమ్మం మీద వేసి ఉంచేదాన్ని.

ఆ ఏడాది మా చర్చిలో మూడు రోజుల సువార్త సభలు జరిగాయి. మొదటి రోజు మధ్యాహ్నం కుర్చీలు సర్దడానికి వెళ్లాను. ఆవరణలోకి అడుగు పెట్టగానే నీలగిరి తైలం వాసన. అక్కడ ఆ వాసన ఎందుకుంటుందని తల తిప్పి చూస్తే, వేదిక పక్కన మోకాళ్ల మీద కూర్చుని సత్తయ్య గారు మైకు తుడుస్తున్నారు. అదే మైకు. నేను నాన్నని వెక్కిరించే మైకు. ఇంకాసేపట్లో నాన్న దాని ముందు నిలబడి ప్రార్థన చేయబోతున్నారు. పారిపోదామని గేటు వైపు తిరిగాను. ఈలోగా నాన్న నన్ను చూసి పిలిచారు.

"ఇలా రా అమ్మా. సత్తయ్యా, మా అమ్మాయి ఎస్తేరు. ఎస్తేరూ, సత్తయ్య మన సభలకు ఇరవై ఏళ్ల నుంచి మైకు పెడుతున్నాడు. నువ్వెప్పుడూ వెనక ఆడవాళ్లలో కూర్చుంటావు, చూసి ఉండవు."

సత్తయ్య గారు గుడ్డ భుజాన వేసుకుని, రెండు చేతులూ జోడించి, జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు నన్ను చూశారు. "వందనాలు బిడ్డా. బాగున్నవా?" అన్నారు. నేను చేతులు జోడించి నేల చూపులు చూశాను. "కొంచెం బిడియస్తురాలు" అని నాన్న నవ్వారు. మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఆయన ఒక్క మాట జారితే అయిపోయింది. వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి టీ తాగుతుంటే, దూరం నుంచి పెదాల కదలిక చూసి ఏం మాట్లాడుకుంటున్నారో కనిపెట్టడానికి ప్రయత్నించాను.

పై ఆదివారం హాలుకు వెళ్లగానే ఆయన్ని పట్టుకున్నాను. "మీకు ముందే తెలుసా?"

"మొదటి దినమే సమజైంది. మైకుకు జానెడు ఎడం నిలవడుడు, తల జెర కుడి దిక్కు వంచుడు, అచ్చం మాస్టారే. ఎవరి బిడ్డవో అడగాల్నా?"

"నాన్నకు చెప్పారా?"

"రెండు దిక్కులా మైకు పెట్టేటోన్ని. ఆడ విన్నది ఈడ, ఈడ విన్నది ఆడ చెప్పుకుంట తిరిగితే నాకు గిరాకి ఉంటదా?" అని వైరు గుచ్చారు. నా గుండె కుదుటపడింది. కానీ ఆయన ఆగలేదు. "చెప్పుడు ముచ్చట ఇడ్సిపెట్టు. నువ్వు మీ నాయిన ప్రార్థన సగమే చేస్తున్నవ్. కూర చల్లగైతదని ఆపేస్తున్నవ్. ఆఖరుదాకా ఎప్పుడన్న విన్నవా?"

ఆ రోజే తన సంగతి చెప్పారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక ఆర్కెస్ట్రాలో ఉండేవారట. పాటకీ పాటకీ మధ్య గాయకులు మంచినీళ్లు తాగేలోపల నిలబడి మిమిక్రీ చేయడం ఆయన పని. ఒక పెళ్లిలో పిల్ల తండ్రి అస్తమానం వంటల దగ్గరికి పరుగెత్తడం చూసి, ఆ పరుగును స్టేజీ మీద చేసి చూపించారు. "అందరు నవ్విండ్రు. ఆ తండ్రి ముంగటనే కూసున్నడు, అందరికంటె గట్టిగ నవ్విండు. నేను ఖుష్ అయిన. తర్వాత నీళ్ల కోసం ఎనకకు పోతె, వంటలకాడ నిలవడి కండ్లు తుడ్సుకుంటున్నడు. అన్నం సాలుతదో సాల్దో అని ఉరుకుతున్నడు బిడ్డా ఆయన. నాకు ఉరుకుడే కనవడ్డది, ఎందుకు ఉరుకుతున్నడో కనవడలే." ఆయన మైకు గుడ్డను మడత పెట్టి మళ్లీ విప్పారు. "ఆ దినం నుంచి మైకు ముంగట నిలవడలే. ఎనకనే కూసున్న. నువ్వు చెయ్యి, ఎవరి మీదన్న చెయ్యి. కానీ ఆ మనిషి ముందటి కుర్చీల కూసున్నడనుకొని చెయ్యి."

ఆ వారం నేను స్టేజీ ఎక్కలేదు. పై ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చాక, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. కోడికూర. నాన్న కళ్లు మూసుకున్నారు. నిజం చెప్పాలంటే కొన్ని నెలలుగా ఆ సమయంలో నేను మనసులో జోకులు వల్లె వేసుకుంటున్నాను. ఆ రోజు మాత్రం విన్నాను. ముఖ్యమంత్రి గారు అయ్యారు. కరెంటు స్తంభాలెక్కే వాళ్లు క్షేమంగా దిగాలన్నారు. పాలు పోసే అబ్బయ్యకు గేదె పోయిందట, దాని గురించి అడిగారు. మైకు సెట్టు సత్తయ్య భార్య మోకాళ్ల నొప్పులు తగ్గించమన్నారు. నేను గతుక్కుమన్నాను. కూర మీద నూనె తేలుతోంది. అప్పుడు నాన్న గొంతు కొద్దిగా తగ్గింది.

"ప్రభువా, మా బిడ్డ ఆదివారం సాయంకాలాలు కంప్యూటర్ క్లాసని చెప్పి వెళ్తోంది. ఆదివారం ఆ క్లాసులు లేవని నాకు తెలుసు. అడిగితే ఇంకో అబద్ధం చెప్పాల్సి వస్తుందేమోనని అడగడం లేదు. ఎక్కడికి వెళ్తుందో నీకు తెలుసు. అక్కడ దాని తోడుండి, క్షేమంగా ఇంటికి చేర్చు. ఆమేన్."

అమ్మ "ఆమేన్" అని గరిటె అందుకుంది. "ఇది ఎప్పట్నుంచి చెబుతున్నారు?" అన్నాను. "మూడు నెలలైంది. నీ చెవులెక్కడున్నాయే?" అంది అమ్మ. ఇక దాచలేకపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. బేకరీ, మైకు, నవ్వులు. నాన్న అన్నం కలపడం ఆపి విన్నారు. "దేని మీద నవ్విస్తావు?" అని అడిగారు.

"మీ ప్రార్థన మీద నాన్నా."

"ప్రార్థన మీదా?" అన్నారు. అంతే. లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆపి, "వచ్చే ఆదివారం మీరూ రండి నాన్నా" అని అడిగాను. తలుపు దగ్గరగా వేసుకున్నారు. వారం రోజులు మా ఇంట్లో చెంచాల చప్పుడే తప్ప మాట లేదు. భోజనాల దగ్గర ప్రార్థన జరిగేది, కానీ నా పేరు వచ్చేది కాదు. సత్తయ్య భార్య మోకాళ్ల దగ్గర ఆగిపోయేది. దేవుడి దగ్గర కూడా నా మాట ఎత్తడం మానేశారంటే నేను నాన్నని పోగొట్టుకున్నట్టే అనిపించింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా కాప్రా వెళ్లాను. సత్తయ్య గారు దుకాణంలో స్పీకరు విప్పుకుని కూర్చున్నారు. నాన్నని రమ్మన్న సంగతి దాకా జరిగిందంతా చెప్పి, ఇక మైకు ముందుకు రానన్నాను. తల ఎత్తకుండానే విన్నారు.

"మీ నాయిన రానన్నడా?"

"ఏమీ అనలేదు."

"అనలే గద. మరి నువ్వెందుకు అనుకుంటున్నవ్ ఆయన తరఫున? ఆదివారం ముంగట ఒక కుర్చీ ఇడ్సిపెడ్త. వస్తె కూసుంటడు, రాకుంటె ఖాళీగుంటది. నువ్వు మాత్రం ఆ కుర్చీకే చెప్పు. ఈసారి పూరా చెప్పు."

ఆదివారం నాలుగింటికి ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరూ కూర్చోకుండా సత్తయ్య గారు వైరు చుట్ట పెట్టారు. నాకంటే ముందు నలుగురున్నారు. నాలుగో అతను మాట్లాడుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. నాకు తెలిసిన అడుగులు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, బస్సులో నలక్కుండా తెచ్చుకున్న మనిషిలా నాన్న గుమ్మంలో నిలబడ్డారు. సత్తయ్య గారు లేచి వెళ్లి, మాట్లాడకుండా, వైరు చుట్ట తీసి కుర్చీ చూపించారు. నాన్న కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. నా పేరు పిలిచారు.

మైకు దాకా ఎలా నడిచానో తెలియదు. నాన్న మొహం వైపు చూడలేక ఆయన చొక్కా గుండీలు చూస్తూ మొదలుపెట్టాను. అన్నం పొగ, కూర నూనె, పిల్లి. అక్కడక్కడా నవ్వారు. నాన్న నవ్వలేదు. ముఖ్యమంత్రి గారి దగ్గర ఎప్పుడూ ఆపేసే చోట ఆపలేదు. కరెంటు స్తంభాల వాళ్లను చెప్పాను, గేదెను చెప్పాను. మైకు సెట్టు సత్తయ్య భార్య మోకాళ్లు చెప్పాను. అందరూ వెనక్కి తిరిగి చూసి నవ్వారు. తర్వాత నాన్న గొంతులోనే, తల కుడి వైపు వంచి, ఆఖరిది కూడా చెప్పాను. కంప్యూటర్ క్లాసు, అడగకపోవడం, క్షేమంగా ఇంటికి చేర్చమనడం. చెంచాలు ఆగిపోయాయి. ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. ఇంక ఒకే ఒక్క మాట మిగిలింది, అది నా గొంతులో అడ్డం పడిపోయింది. ఎంత ప్రయత్నించినా బయటికి రాలేదు. కళ్లలో నీళ్లతో అలా నిలబడిపోయాను.

అప్పుడు ముందు వరుసలోంచి, కళ్లు మూసుకుని వింటున్న నాన్న, ప్రార్థన ముగిసింది కదా అని, ఏళ్ల అలవాటు కొద్దీ, చర్చి అంతటికీ వినబడే గొంతుతో "ఆమేన్!" అన్నారు.

హాలు ఎగిరిపడింది. చప్పట్లు, ఈలలు, బల్లల మీద దరువులు. నాన్న ఉలిక్కిపడి కళ్లు తెరిచి, తానెక్కడున్నారో గుర్తు తెచ్చుకుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని నా ప్రాణం పోయింది. కానీ ఆయన భుజాలు నవ్వుతో ఎగిరిపడుతున్నాయి. ఆ హాల్లో నాకు వచ్చిన అతి పెద్ద నవ్వు నాది కాదు, మా నాన్నది.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నాన్న ఇద్దరికీ టికెట్లు తీసుకున్నారు. మా స్టాపు దగ్గర పడుతుండగా అన్నారు: "కూర చల్లారుతోందన్న మాట నిజమే. మీ అమ్మతో చెబుతాను, రేపటి నుంచి మూత పెట్టమని."

ప్రార్థన తగ్గిస్తానని మాత్రం అనలేదు. మర్నాడు భోజనాల దగ్గర కూర గిన్నె మీద మూత ఉంది. ప్రార్థనలో నా పేరు తిరిగి వచ్చింది, ఈసారి 'ఏ.ఎస్. రావు నగర్ బేకరీ' అని చిరునామాతో సహా. చర్చిలో ఎవరెవరో ఏవేవో అన్నారట. నాన్న నా దాకా రానివ్వలేదు.

రాష్ట్రం రెండయ్యే ముందటి ఎండాకాలం సత్తయ్య గారు పోయారు. గుండెనొప్పి, ఒక్క పూటలో. మేమిద్దరం కాప్రా వెళ్లాం. వాళ్లావిడ మా నాన్న చేతులు పట్టుకుని ఏడ్చింది. వచ్చేటప్పుడు నా చేతిలో ఒక సంచీ పెట్టింది. అందులో మైకు గుడ్డ, సగం ఖాళీ అయిన నీలగిరి తైలం సీసా, ఒక కేసెట్. నాన్న వచ్చిన రోజుది. ఆయన నాకివ్వకుండా ఉంచుకున్న కేసెట్ అదొక్కటే. ఎందుకు ఇవ్వలేదో అప్పుడు నాకు తెలియలేదు. ఇంటికొచ్చి వింటే తెలిసింది.

ఇప్పటికీ అప్పుడప్పుడూ మైకు ముందు నిలబడతాను. భయం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచమని అడుగుతాను, ఎందుకని అడిగితే చెప్పను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఎదురుగా ఒక కుర్చీ వేసుకున్నాను, మైకు గుడ్డ భుజాన వేసుకుని అందులో ఎవరు కూర్చున్నారో మీకు చెప్పనక్కర్లేదు. స్టేజీ ఎక్కే ముందు చెవుల్లో ఆ కేసెట్ ఆఖరి నిమిషం వింటాను. దూరంగా నా గొంతు ఆగిపోతుంది. నాన్న "ఆమేన్" అంటారు. హాలు నవ్వుతుంది. ఆ నవ్వుల కంటే దగ్గరగా, రికార్డరుకు పక్కనే, ఒక మనిషి నవ్వడం మొదలుపెడతాడు. మొదట ఆపుకోబోతాడు, చేతకాదు, ఊపిరాడనంతగా, దగ్గు వచ్చేదాకా నవ్వుతాడు. అన్నాళ్లూ నేను ఎదురు చూసిన నవ్వు. ఆ తర్వాత ఆయన గొంతు కంగారుగా వినిపిస్తుంది: "అరె, ఇది నడుస్తనే ఉన్నది గద!"

అక్కడితో టేపు అయిపోతుంది. నేను అరచేతులు చీర కొంగుకు తుడుచుకుని, పేరు పిలవగానే లేస్తాను.